స్టెయిన్ వేసిన చెక్క సామానుకు పై పూత ఎలా వేయాలి

చెక్క కోశారు, బిగించారు, ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేశారు, ముచ్చటపడి రంగు కోసం స్టెయిన్ కూడా వేశారు. తడిగా ఉన్నప్పుడు నిగనిగలాడిన రంగు తెల్లారేసరికి వెలిసిపోయినట్టు, బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి ఇంకోసారి స్టెయిన్ పూసేస్తారు. అక్కర్లేదు. ఆరిన స్టెయిన్ అలా కళ తప్పినట్టు ఉండడం మామూలే. మీద పూత పడగానే ఆ తడి రంగు మళ్లీ బయటికొస్తుంది.

స్టెయిన్ పని రంగు ఇవ్వడం వరకే. నీటి చుక్కను ఆపదు, గోటి గీతను ఆపదు, చేతి చెమటను ఆపదు. అవన్నీ ఆపాల్సింది దాని మీద వేసే పారదర్శకమైన పూత. దాన్ని వార్నిష్ అనండి, పాలిష్ అనండి, పీయూ (పాలీయురేథేన్) అనండి, పని ఒకటే. పెద్ద నైపుణ్యమేమీ అక్కర్లేదు కానీ, తొందరపడితే మాత్రం మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. నేను పాడుచేసుకున్న పూతలన్నీ డబ్బా మంచిది కాక పాడైనవి కావు, ఒక రాత్రి ఆగలేక పాడైనవి.

ముందు స్టెయిన్ ఆరిందో లేదో తేల్చుకోండి

నేను మొట్టమొదట చేసిన చిన్న బల్లకు నూనె స్టెయిన్ వేసి, మర్నాడు పొద్దున్నే వార్నిష్ మొదలుపెట్టాను. బయట రెండు రోజులుగా ముసురు. వేలితో తాకితే ఆరినట్టే ఉంది. కుంచె ఒకసారి లాగాను, బాగానే ఉంది. రెండోసారి లాగేసరికి కుంచె కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. మూడోసారికి బల్ల మీద దువ్వెనతో దువ్వినట్టు లేత చారలు. ఆపేసి ఉంటే కొంతైనా దక్కేది. సర్దుదామని ఇంకా కుంచె ఆడించాను, ఉన్న రంగు కాస్తా మడ్డిలా మారింది. ఆ పూతంతా గీకి, చెక్క దాకా వెళ్లి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. నూనె స్టెయిన్‌లోనూ నూనె వార్నిష్‌లోనూ ఉండే ద్రావకం దాదాపు ఒకటే. స్టెయిన్ లోపల గట్టిపడకముందే వార్నిష్ మీద పడితే, ఆ ద్రావకం రంగును మళ్లీ కరిగించేస్తుంది. కుంచె దాన్ని ఈడ్చుకుపోతుంది.

కాబట్టి నూనె స్టెయిన్‌కు తక్కువలో తక్కువ 24 గంటలు ఇవ్వండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా, చలిగా ఉన్నా 48 నుంచి 72 గంటలు పట్టొచ్చు. నీళ్ల స్టెయిన్ రెండు మూడు గంటల్లో ఆరినట్టు కనిపిస్తుంది, అయినా రాత్రంతా వదిలేస్తే మనశ్శాంతి. జెల్ స్టెయిన్ చిక్కగా ఉంటుంది, పొరలా పైన నిలబడుతుంది కనుక దానికి నూనె స్టెయిన్ కంటే ఎక్కువ సమయమే ఇవ్వండి.

గడియారాన్ని మాత్రమే నమ్ముకోకండి. మూడు చిన్న పరీక్షలున్నాయి. తెల్లటి పాత నూలుగుడ్డ తీసుకుని కనపడని చోట గట్టిగా రుద్దండి, గుడ్డకు రంగు అంటకూడదు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూడండి, ద్రావకం ఘాటు తగిలితే ఇంకా ఆవిరి బయటికి పోతూనే ఉంది. అరచేయి ఆనించండి, చుట్టూ ఉన్న వస్తువుల కన్నా చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. మూడింట్లో ఏ ఒక్కటి అనుమానంగా ఉన్నా ఆ రోజు డబ్బా మూత తీయకండి.

రెండు మూడు రోజులైనా బంకగానే ఉందా? అది ఆరడం సమస్య కాదు. స్టెయిన్ పూశాక మిగులును పూర్తిగా తుడవలేదు. స్టెయిన్ చెక్క లోపలికి ఇంకినంతే పనికొస్తుంది, పైన మిగిలింది ఎన్నాళ్లున్నా జిగురుగానే ఉండిపోతుంది, దాని మీద వేసిన పూత తర్వాత పెచ్చులుగా లేస్తుంది. అదే స్టెయిన్ కొద్దిగా గుడ్డకు తడిపి ఆ చోట రుద్దండి, గట్టిపడబోతున్న పొర మెత్తబడుతుంది. వెంటనే పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. దానికీ కదలకపోతే, పెయింట్లు పలచన చేసే మినరల్ టర్పెంటైన్‌తో తుడవాలి. తర్వాత ఆరబెట్టడం మళ్లీ మొదటి నుంచి.

ఏ పూత వేయాలి

దుకాణంలో డబ్బాల వరస చూస్తే టెన్షన్ వస్తుంది కానీ, నిజానికి ఎంచుకోవాల్సింది నాలుగైదు రకాల్లోంచే.

నూనె ఆధారిత పాలీయురేథేన్, అంటే పీయూ వార్నిష్, గీతలను, నీళ్లను, వేడిని బాగా తట్టుకుంటుంది. కొద్దిగా తేనె రంగు ఉంటుంది, కాలం గడిచేకొద్దీ ఆ పసుపు ఇంకాస్త ముదురుతుంది. గోధుమ, ఎరుపు కలిసిన స్టెయిన్ల మీద అది అందమే. బూడిద రంగు, తెలుపు స్టెయిన్ల మీద మాత్రం వేయకండి, ముచ్చటపడి తెచ్చుకున్న బూడిద రంగు మాసిన బట్టలా తయారవుతుంది. పూతకూ పూతకూ మధ్య మామూలుగా ఒక రోజు ఆగాలి.

నీళ్ల ఆధారిత పీయూ డబ్బాలో పాలలా కనిపిస్తుంది, ఆరితే అద్దంలా ఉంటుంది, పసుపెక్కదు. వాసన తక్కువ, రెండు మూడు గంటల్లో రెండో పూతకు సిద్ధం. లేత రంగులకు ఇదే సరైనది. ముదురు రంగుల మీద ఒక్కోసారి కాస్త చల్లగా, జీవం లేనట్టుగా అనిపిస్తుంది. అలా అనిపిస్తే దానికింద ఒక లక్క పూత వేస్తే సరిపోతుంది.

లక్క అంటే షెల్లాక్. లక్క పురుగులు చెట్టు కొమ్మల మీద విడిచే పదార్థాన్ని శుద్ధి చేసి రేకులుగా అమ్ముతారు, దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి వాడతారు. అరగంటలో ఆరిపోతుంది, కింద ఏముందో పట్టించుకోకుండా దాదాపు దేనికైనా అతుక్కుంటుంది. అయితే వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడుతుంది, ఆల్కహాల్ ఒలికితే కరిగిపోతుంది. అందుకని బల్ల మీద చివరి పూతగా కాదు, స్టెయిన్‌కూ పై పూతకూ మధ్య అడ్డుగోడగా దీన్ని మించింది లేదు. ఒక్క జాగ్రత్త. మామూలు లక్కలో సహజంగానే మైనం ఉంటుంది, దాని మీద పీయూ సరిగా పట్టదు. మైనం తీసేసిన లక్క అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

ల్యాకర్ చాలా త్వరగా ఆరుతుంది, నునుపు అద్భుతంగా వస్తుంది. కానీ దాన్ని మామూలుగా స్ప్రే చేయాలి, ఆవిరి ఘాటైనది, సులువుగా అంటుకుంటుంది. ఇంట్లో ఒక మూల పని చేసుకునేవాళ్లకు నేను చెప్పను.

ఇక అవిసె నూనె, తుంగ్ నూనె, మైనం. చేతికి హాయిగా ఉంటాయి, పూయడం సులువు. కానీ నీళ్లు తగిలే బల్లకు ఇవి చాలవు. గోడకు తగిలించే చట్రానికో, చిన్న పెట్టెకో అయితే సరే. మైనం విషయంలో ఇంకోటి: ఒకసారి మైనం రుద్దాక దాని మీద మరే పూతా పట్టదు. మైనం రుద్దాలనుకుంటే అది అన్నిటికన్నా చివర.

నూనె స్టెయిన్ మీద నీళ్ల పూత వేయొచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. వేయొచ్చు. నీళ్ల స్టెయిన్ మీద నూనె పూతా వేయొచ్చు. కిందది పూర్తిగా ఆరి ఉండాలి, మధ్యలో మైనం, సిలికాన్ లాంటివి ఉండకూడదు, అంతే షరతు. నూనె స్టెయిన్ మీద నీళ్ల పీయూ వేసేటప్పుడు మాత్రం మూడు రోజులు ఆగండి. అంత ఆగలేకపోతే, కనీసం ఒక రోజు ఆరాక మధ్యలో లక్క వేయండి.

మొదటిసారి చేస్తున్నారా? రంగు ముదురుదైతే నూనె పీయూ, లేతదైతే నీళ్ల పీయూ. నూనె పీయూ అయితే కుంచె కాకుండా గుడ్డతో పూసే పద్ధతి కింద చెప్పాను, దాంతో మొదలుపెడితే తప్పులు తక్కువ.

ముక్క మీద చూసుకోండి

అదే చెక్క తాలూకు మిగిలిన ముక్క ఒకటి తీసుకుని, అదే నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, అదే స్టెయిన్ వేసి, ఆరాక అదే పూత రెండుసార్లు వేసి చూడండి. రంగు ఎలా మారుతుందో, ఎంతసేపట్లో ఆరుతుందో, రంగు ఊడొస్తుందో లేదో అన్నీ ఆ జానెడు ముక్క చెప్పేస్తుంది. నేను ఆ ముక్క వెనక తేదీ, స్టెయిన్ పేరు, ఎన్ని పూతలో పెన్సిల్‌తో రాసి దాచుకుంటాను. రెండేళ్ల తర్వాత ఇంకో కుర్చీ చేయాల్సొస్తే అదే నా నోట్‌బుక్.

చోటు, దుమ్ము

ఎండ నేరుగా పడని, గాలి ఆడే చోటు కావాలి. ఫ్యాన్ గాలి సామాను మీదికి కొట్టకూడదు, దుమ్ము లేపి తడి పూత మీద పడేస్తుంది. చెక్క వేడిగా ఉంటే పూతలో బుడగలొస్తాయి, మరీ చలిగా ఉంటే ఆరదు. 18 నుంచి 27 డిగ్రీల మధ్య అన్ని రకాలూ బాగా పనిచేస్తాయి.

ముందురోజే ఊడ్చేయండి. పని మొదలుపెట్టే గంటలో ఊడిస్తే లేచిన దుమ్ము వచ్చి పూత మీదే వాలుతుంది. సామాను మీద దుమ్మును వ్యాక్యూమ్‌తో గానీ మెత్తటి కుంచెతో గానీ తీసేసి, నూనె పూత అయితే మినరల్ టర్పెంటైన్ లీలగా తడిపిన గుడ్డతో, నీళ్ల పూత అయితే బాగా పిండిన తడిగుడ్డతో పైపైన ఒక్కసారి తుడవండి. గుడ్డ పోగులు రాలేది కాకూడదు. పాత బనియను శ్రేష్ఠం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీళ్ల స్టెయిన్ వేశాక చెక్క నూగు లేచి చేతికి గరుకుగా తగులుతుంది. అది చూసి వెంటనే ఉప్పు కాగితం పడతారు. వద్దు. స్టెయిన్ లోతు చాలా తక్కువ, ఒక్క రుద్దుకు అంచుల దగ్గర తెల్ల చెక్క బయటపడుతుంది. ఆ గరుకును అలాగే ఉంచి మొదటి పూత వేసేయండి. పూత ఆ నూగును గట్టిగా పట్టుకుంటుంది, రుద్దాల్సింది అప్పుడు.

గ్లౌజులు వేసుకోండి. ద్రావకం ఆవిరిని దుమ్ము మాస్క్ ఆపలేదు, ఆవిరి ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. దగ్గర్లో స్టవ్, సిగరెట్ లాంటి నిప్పేదీ ఉండకూడదు.

మొదటి పూత

డబ్బాను ఊపకండి. ఊపితే గాలి బుడగలు నిండుతాయి, అవి కుంచెలోంచి నేరుగా చెక్క మీదికి వస్తాయి. మూత తీసి, పుల్లతో అడుగు నుంచి నెమ్మదిగా కలపండి. మెరుపు లేని మ్యాట్, కొద్దిగా మెరిసే శాటిన్ రకాలైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే మెరుపును తగ్గించే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. కలపకుండా వాడితే పై సగం డబ్బాతో వేసింది మెరుస్తుంది, అడుగు సగంతో వేసింది మసకబారినట్టు ఉంటుంది. కావాల్సినంత వేరే గిన్నెలోకి వంపుకుని మూత పెట్టేయండి. కుంచె నేరుగా డబ్బాలో ముంచితే దానికంటిన నలకలన్నీ డబ్బాలోకి చేరతాయి.

నూనె పూతకు సహజమైన వెంట్రుకల కుంచె, నీళ్ల పూతకు సింథటిక్ కుంచె. సహజమైన వెంట్రుకలు నీళ్లు తాగి ఉబ్బి చెల్లాచెదురవుతాయి. కొత్త కుంచెను ముందు అరచేతికి గట్టిగా కొట్టి, ఊడే వెంట్రుకలు ఊడనివ్వండి. పూత మధ్యలో ఇరుక్కున్న ఒక్క వెంట్రుక ఎంత చిరాకు పెడుతుందో అనుభవమైతే తెలుస్తుంది.

ఈ మొదటి పూత సీల్ చేయడానికి, మెరవడానికి కాదు. నూనె పీయూ అయితే పది వంతులకు ఒక వంతు మినరల్ టర్పెంటైన్ కలిపి పలచన చేయండి, చెక్క లోపలికి బాగా ఇంకుతుంది. పలచన చేయకూడదని డబ్బా మీద రాసి ఉంటే ఆ మాటే వినండి. నీళ్ల పీయూను పలచన చేయక్కర్లేదు. నీళ్ల స్టెయిన్ మీద నీళ్ల పూత వేస్తున్నప్పుడు మొదటి పూత తేలిగ్గా, ఒకటి రెండు లాగుళ్లలో ముగించేయాలి. ఎక్కువసేపు కుంచె ఆడిస్తే కింద రంగు తడిసి లేచొస్తుంది.

అడుగు భాగం, కాళ్లు, పక్కలు ముందు. అందరూ చూసే పై పలక చివర. అడుగున ఎవరు చూస్తారని వదిలేయకండి. పైన పూత ఉండి కింద లేకపోతే రెండు వైపులా తేమ పీల్చుకునే వేగం వేరవుతుంది, పలుచటి పలకైతే విల్లులా వంగే అవకాశం పెరుగుతుంది. కింద ఒక్క పూతైనా వేయండి. అడ్డంగా కోసిన చివర్లు స్పాంజిలా తాగేస్తాయి, వాటికి ఒకటికి రెండుసార్లు పట్టించండి. నిలువు భాగాలను వీలైతే పడుకోబెట్టి వేయండి, కారడం ఉండదు.

కుంచె పట్టే పద్ధతి

కుంచెను మూడో వంతు వరకే ముంచండి. గిన్నె అంచుకు గీకకండి, అలా గీకితే నురగ వస్తుంది. లోపలి గోడకు రెండుసార్లు తట్టండి, చాలు. పలక ఈ చివరి నుంచి కాకుండా, అంచుకు నాలుగు వేళ్ల దూరంలో కుంచె ఆనించి బయటివైపుకు లాగండి. తర్వాత మళ్లీ అక్కడి నుంచే అవతలి చివరికి. అంచు దగ్గర కుంచె మొదలుపెడితే మూల కుంచెను పిండేస్తుంది, పూత పక్కనుంచి చుక్కలుగా కారి గడ్డకడుతుంది. పక్కల మీద కనిపించే కన్నీటి బొట్లు చాలావరకు ఇలా వచ్చినవే.

ఎప్పుడూ చెక్కలో సహజంగా ఉండే గీతల వెంటే లాగండి. ఒక పట్టీ వేశాక రెండో పట్టీ దాని తడి అంచు మీద కొద్దిగా ఎక్కేలా వేయండి. రెండు మూడు పట్టీలయ్యాక కుంచెను దాదాపు నిలువుగా పట్టుకుని, కొసలు మాత్రమే తగిలేలా, బరువు అస్సలు వేయకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి తేల్చండి. ఇది బుడగలను పగలగొడుతుంది, కుంచె గాట్లను సర్దుతుంది. తర్వాత చెయ్యి తీసేయండి. పక్కకు వంగి వెలుతురు వాటంగా పడేలా చూస్తే, ఎక్కడ వదిలేశారో పొడిగా కనిపిస్తుంది. తడిగా ఉన్న మొదటి ఒకటి రెండు నిమిషాల్లో సరే, ఆ తర్వాత మాత్రం తప్పు కనిపించినా ముట్టుకోకండి. సగం ఆరిన పూతను కదిపితే చిన్న తప్పు పెద్దదవుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆరాక రుద్ది సరిచేసుకోవడం పది రెట్లు సులువు.

పలచగా వేయండి. ఒక మందపాటి పూత కన్నా మూడు పలుచటివి గట్టిగా ఉంటాయి. మందంగా వేస్తే పైన పొరకట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముడతలు పడుతుంది.

పూతకూ పూతకూ మధ్య

ఆరాక చెయ్యి ఆనిస్తే సన్నటి ఇసుక చల్లినట్టు ఉంటుంది. నలకలు, లేచిన నూగు. సన్నరకం 320 నంబర్ ఉప్పు కాగితాన్ని మడిచి, వేళ్ల ఒత్తిడి లేకుండా చెక్క గీతల వెంట పైపైన రుద్దండి. తెల్లటి పిండిలా పొడి రావాలి. పొడి రాకుండా కాగితానికి ఉండలుగా అంటుకుంటే పూత ఇంకా ఆరలేదు, మర్నాటిదాకా ఆగండి. పొడిలో స్టెయిన్ రంగు కనిపిస్తే పూత దాటి కిందికి వెళ్లారు, వెంటనే ఆపండి.

మూలలు, అంచులు అసలు ప్రమాదకరమైన చోట్లు. పూత అక్కడే పలచగా ఉంటుంది, మన చెయ్యి అక్కడే ఎక్కువ ఒత్తుతుంది. మొదటి పూత తర్వాత నేను అంచులను కాగితంతో ముట్టుకోనే ముట్టుకోను. అప్పటికీ రంగు పోయిందంటే, చిత్రాలు వేసే సన్న కుంచెతో అదే స్టెయిన్‌ను ఆ గీత వరకే అద్ది, మిగులు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద తర్వాతి పూత పడితే చాలావరకు కలిసిపోతుంది.

నీళ్ల పూతల మధ్య స్టీల్ వుల్ (ఇనప పీచు) వాడకండి. దాని సన్నటి తునకలు పూతలో ఇరుక్కుని, నీళ్లు తగిలి తుప్పు చుక్కలవుతాయి. పొడిని పూర్తిగా తుడిచాకే తర్వాతి పూత.

రెండో పూత పలచన చేయకుండా, అదే పద్ధతిలో. మూడోదీ అంతే. గోడ అల్మరా లాంటి వాటికి రెండు చాలు, రోజూ చేతులు పడే బల్లకు మూడు, నీళ్ల పీయూ అయితే ఒక్కో పూత పలుచన కనుక నాలుగు. మ్యాట్ కావాలనుకునేవాళ్లకు ఒక కిటుకు: కింద పూతలన్నీ మెరిసే రకంతో వేసి, చివరిది మాత్రం మ్యాట్ వేయండి. మ్యాట్ పొడి పొరలు పొరలుగా పేరుకుంటే చెక్క గీతలు మంచు కమ్మినట్టు మసకబారతాయి.

గుడ్డతో పూసే పద్ధతి

నూనె పీయూలో దాదాపు సగానికి సగం మినరల్ టర్పెంటైన్ కలపండి. పాత బనియను గుడ్డను అరచేతిలో ఇమిడేలా మడిచి, అందులో ముంచి, పిండి, బల్ల తుడిచినట్టు చెక్క గీతల వెంట పూయండి. కారదు, గాట్లు పడవు, త్వరగా ఆరుతుంది కాబట్టి దుమ్మూ తక్కువే పడుతుంది. ఒక్కో పూత చాలా పలుచన, అందుకే ఐదు నుంచి ఏడుసార్లు వేయాలి. రోజుకు ఒకటి చొప్పున వేస్తూ, రెండేసి పూతలకోసారి 320తో పైపైన రుద్దితే చాలు. వంపులున్న కాళ్లకు, కుర్చీ వీపుల సన్న పుల్లలకు ఇంతకన్నా హాయైన పద్ధతి లేదు.

నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి

నూనె స్టెయిన్, అవిసె నూనె, నూనె పీయూ అంటిన గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ఆ నూనెలు ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేస్తే లోపలే పోగవుతుంది, పెరిగి పెరిగి కొన్ని గంటల తర్వాత, మీరు నిద్రపోయాక, నిప్పవుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు.

వాడిన ప్రతి గుడ్డనూ విడిగా, బయట, నేల మీద గానీ తీగ మీద గానీ ఒంటిపొరగా పరిచి ఆరబెట్టండి. అట్టలా బిరుసెక్కాక పారేయొచ్చు. అలా కుదరకపోతే మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి అందులో ముంచి పెట్టండి. పని అయిపోయి అలసిపోయిన చేతులు మొదట చేయాల్సిన పని ఇదే, కుంచె కడగడం తర్వాత.

ఆరడం వేరు, గట్టిపడడం వేరు

చివరి పూత మర్నాటికి చేతికి ఆరిపోతుంది. కానీ లోపల గట్టిపడడానికి నూనె పీయూకు దాదాపు నెల, నీళ్ల పీయూకు రెండు మూడు వారాలు పడుతుంది. మూడు రోజుల తర్వాత తేలికైన వస్తువులు పెట్టుకోవచ్చు. బరువైనవి ఇంకా ఆగాలి. నెల తిరిగేదాకా బల్లకు ప్లాస్టిక్ గుడ్డ కప్పకండి, రబ్బరు కాళ్లున్న వస్తువులు పెట్టకండి, వేడి గిన్నె ఆనించకండి, తుడిచే మందులు వాడకండి. నేను ఒకసారి వారానికే పుస్తకాలు పేర్చాను. తీసేటప్పుడు అట్ట మీది అక్షరాల అచ్చు పూతలో అద్దంలో చూసినట్టు తిరగబడి మిగిలింది.

తప్పులు దొర్లితే

కారి గడ్డకట్టిన బొట్టును పూర్తిగా గట్టిపడనిచ్చి, పదునైన బ్లేడును నిలువుగా పట్టి గీకి, 320తో సమం చేసి, మళ్లీ ఒక పూత వేయండి. మెత్తగా ఉన్నప్పుడు గీకితే ముద్దగా ఊడి కింద రంగును కూడా తీసుకుపోతుంది. బుడగలు పగిలి గుంటలైతే రుద్ది మళ్లీ వేయడమే, ఈసారి చెయ్యి నెమ్మదిగా కదపండి. పూత ఒకచోట నిలవకుండా గుండ్రటి గుంటలుగా విడిపోతుంటే కింద సిలికాన్ ఉన్నట్టు, బహుశా ఎవరో ఫర్నిచర్ మెరుపు స్ప్రే కొట్టారు. తడిగా ఉండగానే తుడిచేసి, ఆరాక మైనం లేని లక్క ఒక పూత వేసి, దాని మీద కొనసాగించండి. పూత గోటితో గీరితే పెచ్చులుగా లేస్తే మాత్రం పై పై మరమ్మతులు పనికిరావు. బహుశా కింద స్టెయిన్ ఆరలేదు, లేదా మిగులు తుడవలేదు, అదంతా తీసేయాల్సిందే.

ఆరుబయట పెట్టేవి

లోపల వాడే పీయూ ఎండకూ వానకూ ఒక ఏడాది నిలవడం కూడా కష్టం. ఎండ చెక్క పైపొరను చెడగొడుతుంది, చెక్క ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది, గట్టి పూత దాంతోపాటు సాగలేక పగులుతుంది. బయటి సామానుకు స్పార్ వార్నిష్ అనే రకం ఉంది, సాగే గుణమున్నది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థం కలిపినది. కాళ్ల అడుగులకు మరీ మరీ పట్టించండి, తడి నేలలోంచి నీళ్లు ఎక్కేది అక్కడినుంచే. మెరుపు తగ్గిందనిపించిన ప్రతిసారీ, పగుళ్లు రాకముందే, రుద్ది ఒక పూత వేస్తూ పోవాలి.

మిగిలిన డబ్బా, ఆపైన సంరక్షణ

డబ్బాలో మిగిలింది సగం కన్నా తక్కువైతే చిన్న గాజు సీసాలోకి నిండుగా పోసి మూత బిగించండి. లోపల గాలి ఎంత తక్కువుంటే మీగడ కట్టడం అంత తక్కువ. తర్వాత ఎప్పుడైనా మీగడ కట్టి ఉంటే దాన్ని తీసి, మిగతాది పాత మేజోడు గుడ్డలో వడకట్టి వాడుకోవచ్చు. కానీ చిక్కబడి తీగలా సాగుతుంటే పారేయండి. కుంచెను నూనె పూతకైతే టర్పెంటైన్‌లో రెండు మూడుసార్లు, ఆ తర్వాత సబ్బు నీళ్లలో కడగాలి. నీళ్ల పూతకైతే సబ్బు నీళ్లు చాలు, కానీ వెంటనే.

రోజూ తుడవడానికి పిండిన తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. అంతకుమించి ఏమీ వద్దు. కొన్నేళ్లకు మెరుపు తగ్గి సన్నటి గీతలు కనిపిస్తే, స్టెయిన్ దాకా పోనక్కర్లేదు. సబ్బు నీళ్లతో జిడ్డు కడిగి, ఆరాక 320తో మొత్తం మసకబారేలా రుద్ది, మొదట వాడిన రకమే ఒక్క పూత వేయండి. ఆ మిగిలిన ముక్క వెనక పెన్సిల్ రాత అప్పుడు వెతుక్కుంటారు.